కటికి జలపాతం దగ్గర మా ఆవిడ పాడిందట

ఈ ప్రయాణానికి కారణం కుళ్ళు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గాని, నిజం అదే. మా ఆవిడ పార్వతి అచ్యుతాపురంలో బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పోయిన నెల తోటివాళ్ళతో వ్యానులో కటికి జలపాతానికి వెళ్ళొచ్చి, వారం రోజులు తనలో తను నవ్వుకుంటూ తిరిగింది. ఏమైందని అడిగితే "ఏటీ లేదండి" అంటుంది. పన్నెండేళ్ళ కాపురంలో నేను తనను అంతగా నవ్వించినట్టు గుర్తు లేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నాకు మా ఇంటి కూరే పొరుగువాళ్ళ విస్తట్లో కనబడి కడుపు మండింది. నేను పనిచేసే పోర్టులో సెలవు పెట్టి, "పద, మనిద్దరం ఎల్దాం" అన్నాను.

ఉదయం అయిదున్నరకు గోపాలపట్నంలో మోటారు సైకిలు తీశాం. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట చేరేసరికి ఏడయింది. టిఫినూ పెట్రోలూ అక్కడే ముగించుకోండి, ఘాట్ ఎక్కాక బంకు కోసం వెతుక్కోవాలి. "మేం వచ్చినప్పుడు ఇక్కడే ఇడ్లీ తిన్నామండి" అంది పార్వతి. ఘాట్‌లో ఓ మలుపు దగ్గర "మేం ఇక్కడ ఫొటోలు దిగినాం" అంది. ఆ 'మేం'లో నేను లేను. పళ్ళు కొరుక్కుంటూ బండి నడిపాను.

తొమ్మిదిన్నరకు బొర్రా చేరాం. అక్కడి నుంచి జలపాతం వైపు రాళ్ళదారి, మన బండి దానికి పనికిరాదు. జీపులుంటాయి. రానూపోనూ పన్నెండు వందలడిగి, వెయ్యికి దిగాడు అప్పన్న అనే నడివయసు డ్రైవరు. జీపు దిగి, నా వెనకున్న పార్వతిని చూసి మొహం ఇంత చేసుకున్నాడు.

"అక్కా! మళ్ళీ వచ్చేరేటి? బావను కూడా తెచ్చేరు!" అని నాకేసి తిరిగాడు. "ఆ రోజు జలపాతం కాడ అక్క పాడతంటే, నాను జీపు వదిలేసి దగ్గరకెళ్ళి మరీ ఇన్నాను బావా. ఏం గొంతు!"

"పాడిందా?" అన్నాను.

"మీకు తెల్దేటి?"

నా పెళ్ళాం పాడుతుందని ఓ జీపు డ్రైవరు చెబితే నేను తెలుసుకోవాలా! దారంతా ఒళ్ళు మండిపోయింది. జీపు దిగాక ఇంకాస్త నడక. జలపాతం బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి ఆ పూట మనసు రాలేదు. దారిలో వెదురు బొంగులో కోడిమాంసం కాలుస్తున్నావిడ కూడా తనను గుర్తుపడుతుందేమోనని భయపడ్డాను. పట్టలేదు. అయినా కోపంగానే తిన్నాను.

జీపులో బొర్రాకు తిరిగొచ్చి, మా బండి మీద ఇంకా పైకెక్కి, రెండు గంటలకు గాలికొండ వ్యూపాయింట్‌లో ఆగాం. కింద లోయ, దాని అవతల కొండ వెనక కొండ. కాఫీ తాగుతూ అడిగేశాను. "నాకెప్పుడూ పాడలేదేటి?"

"పాడినానండి, పెళ్ళయిన కొత్తలో. మీరు నైట్ డ్యూటీ సేసొచ్చి పడుకున్నారు. నాను వంటింట్లో పాడతంటే 'ఆపెహె, నిద్రట్టడం లేదు' అన్నారు. ఆపేసినాను."

నాకది గుర్తే లేదు. మా ఇంట్లో పగలు గిన్నె చప్పుడు కూడా ఉండదని, మా ఆవిడ అంత నెమ్మదస్తురాలని నలుగురిలో గొప్పలు చెప్పుకోవడం మాత్రం గుర్తుంది.

"మరి అక్కడెందుకు పాడేవు?"

"ఆ నీళ్ళ హోరులో ఎవలికీ ఇనపడదనుకున్నాను."

"ఇప్పుడు పాడు."

"ఇక్కడ సప్పుడు లేదండి. సిగ్గు." కాఫీ పూర్తి చేసి హెల్మెట్ పెట్టుకుంది.

మూడున్నరకు దిగడం మొదలుపెట్టాం. నాలుగో మలుపో అయిదోదో దాటాక, నా భుజం వెనక సన్నగా పాట వినిపించింది. బాగా విందామని క్లచ్ పట్టి బండి నెమ్మది చేశాను. ఇంజను రొద తగ్గగానే పాట ఆగిపోయింది. ఏమీ ఎరగనట్టు గేరు తగ్గించి క్లచ్ వదిలాను. బండి మళ్ళీ మూలగడం మొదలెట్టింది. చాలాసేపటికి పాట కూడా.

ఎవరి మీదో కుళ్ళుకుంటూ కొండెక్కాను. తీరా చూస్తే ఆ పాట నా చెవిన పడకుండా చేసినవాడిని నేనే. ఇప్పుడూ అప్పన్న మీద కుళ్ళు పోలేదు. అతను దగ్గరకెళ్ళి విన్నాడు. నేను వెనక్కి కూడా తిరగకూడదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల మీద ఆధారపడకుండా రెండో గేరులోనే రండి. ఇంజను చప్పుడు ఎక్కువగా ఉంటుంది. ఉండనివ్వండి.