మా తోడికోడలు చూసిన నది

మా మరిది చేసుకున్న పిల్ల కూడా నాలాగే భూగర్భశాస్త్రం చదివిందని తెలిసినప్పుడు ఇంట్లో అందరికన్నా ఎక్కువ సంబరపడింది నేనే. సూరత్‌లో నేను పనిచేసే చమురు కంపెనీ ఆఫీసులో ఖాళీ ఉంటే నేనే చెప్పి చేర్పించాను. కోరి తలనొప్పి తెచ్చుకున్నానని ఆరునెలలు తిరక్కుండానే తెలిసింది. పొద్దున ఇద్దరం ఒకే స్కూటీ, మధ్యాహ్నం ఒకే కూర. ఏదైనా అనుమానం వస్తే మాత్రం అందరూ నన్ను దాటుకుని ఆమె దగ్గరికే పోయేవాళ్లు.

తవ్విన బావిలోకి పరికరం దించి లోపలి గోడను చుట్టూ బొమ్మ తీస్తారు. ఆ బొమ్మను విప్పి పరిస్తే, వాలుగా ఉన్న ఇసుకరాతి పొరలు అలల్లా కనిపిస్తాయి. అల ఏ దిక్కున కిందికి దిగితే పొర ఆ దిక్కుకు వాలిందన్నమాట. ఎప్పటిదో నది ఇసుకను ఎటు మోసుకుపోయిందో దాన్నిబట్టి చెప్పాలి. ఆ ఇసుక వెంటే చమురు వెతుకుతారు. ఒక బావిలో పెద్ద పొరలన్నీ పడమటికి వాలాయి. నది పడమటికి పోయింది, కొత్త బావి అటే వేయండని రాసిచ్చాను.

ఆ ఆదివారం అత్తమ్మతో కలిసి డుమస్ బీచికి వెళ్లాం. సముద్రం వెనక్కి పోయింది, ఇసుకలో సన్నటి పాయ పారుతోంది. టమాటా బజ్జీల ప్లేటుతోనే మా తోడికోడలు దాని పక్కన కూర్చుంది.

"అక్కా, జర ఇటు రా. నీళ్లేమో సముద్రం దిక్కు పోతున్నయ్. ఒడ్డు ఇసుకేమో పక్కకు, నీళ్లలకు వాలింది. దానిమీద చిన్న చిన్న మడతలు జూడు, గవి నీళ్లు పోయే దిక్కే ఉన్నయ్. మన బావిల గూడ చిన్నయి దక్షిణం దిక్కు జూపెడుతున్నయ్ గద? గంటే పెద్దయి ఒడ్డు వాలు, నది పోయింది దక్షిణం దిక్కే."

"బజ్జీ తినవే, సల్లగైతది" అన్నాను. ఒళ్లంతా మండిపోయింది. ఇన్నేళ్లుగా ఆ ఇసుక మీద నడుస్తున్నా నాకు కనిపించినవన్నీ బజ్జీలే.

సోమవారం నన్నడిగి మరీ ఆ మాట మీటింగులో చెప్పింది. అడగకుండా చెప్పి ఉంటే హాయిగా తిట్టుకునేదాన్ని. ఎంత వాదించినా నా మాట నెగ్గలేదు, బావి దక్షిణాన వేశారు. ఇసుక తగలొద్దని మొక్కుకోలేదు కానీ, తగలాలనీ మొక్కుకోలేదు. మందంగా, చమురు పట్టిన ఇసుకే తగిలింది. ఆఫీసులో ఘారీలు పంచారు. నా వంతు మిఠాయి ప్యూనుకి ఇచ్చేశాను.

రాత్రి అన్నాల దగ్గర అత్తమ్మ అడిగింది, "నూనె ఏడున్నదో ఎవలు జెప్పిన్రే మీ ఇద్దర్ల?"

"అక్కనే, అత్తమ్మా. నేను జర సాయం జేసిన, గంతే."

అంటే నా కుళ్లు ఆమెకు ఎప్పటినుంచో తెలుసన్నమాట. ఆమె గెలుపునైనా ఓర్చుకున్నాను, ఈ జాలిని ఓర్చుకోలేకపోయాను.

"అబద్దం జెప్పకు. నది దిక్కు జెప్పింది నువ్వే" అని అందరి ముందూ అరిచాను.

పెద్దకోడలి మనసు ఎంత మంచిదో అని అత్తమ్మ మురిసిపోయింది. మంచితనంలో కూడా ఆమెదే పైచేయి కాకూడదని అరిచానని నాకు తెలుసు. తలెత్తకుండా నా కంచంలో అన్నం పెడుతున్న మా తోడికోడలికీ తెలుసు.