టేపు పట్టని టైలరమ్మ

"పాప కుంటుతోందా, లేకపోతే నా కళ్ళే కుంటుతున్నాయా?"

ఆ వారంలో అతను భార్యని ఈ మాట అడగటం నాలుగోసారి. ఆమె మందుల ఫ్యాక్టరీలో ఉదయం షిఫ్టుకి పోయే తొందరలో ఉంది. జడ అల్లుకుంటూ అద్దంలోంచే జవాబిచ్చింది.

"మొన్న డాక్టరు చూశాడుగా. ఏం లేదన్నాడుగా. నువ్వే దాని వెంట పడి లేని రోగం తెప్పించేట్టున్నావు."

అతను నీళ్ళ పరీక్షల ల్యాబులో కెమిస్టు. మధ్యాహ్నం డ్యూటీ కాబట్టి పొద్దుటి పూట పాప అతని దగ్గరే ఉంటుంది. దానికి పదిహేడు నెలలు. ఈ మధ్యే నడక వచ్చింది. కొంచెం ఊగుతూ నడుస్తుంది. చూసిన వాళ్ళంతా బాతుపిల్లలా ఎంత ముద్దుగా నడుస్తోందో అని మురిసిపోతారు. అతను మాత్రం ఆ ఊపు కనిపించినప్పుడల్లా చేతిలో పని ఆపి దాని కాళ్ళ వంకే చూస్తాడు.

వాళ్ళమ్మకి ఫోన్ చేస్తే ఆవిడ నవ్వింది. "నువ్వూ అలాగే నడిచావురా. అయినా మగాడివి, పొద్దస్తమానం పిల్ల కాళ్ళు చూసుకుంటూ కూర్చోవటమేంట్రా? నలుగురూ వింటే నవ్విపోతారు."

పిల్లల డాక్టరైతే అతని మొహం కూడా సరిగ్గా చూడలేదు. "అమ్మ రాలేదా? అమ్మ ఏమంటోంది?" అన్నాడు. ఆమెకేం తేడా కనిపించలేదని చెబితే, "మరింకేం" అన్నాడు. పాపని బల్లమీద పడుకోబెట్టాడు. అది గుక్కపట్టి ఏడుస్తుంటే మోకాళ్ళు రెండుసార్లు మడిచి చూశాడు. అంతే, బయట ఇంకో పదిమంది ఉన్నారు.

ఇంక తనకి తెలిసిన విద్య ఒక్కటే మిగిలింది. కొలవటం. పది గంటలప్పుడు పాప నిద్రపోతుంది. కప్పలా కాళ్ళు ముడుచుకుని పడుకుంటుంది కాబట్టి తొడల జోలికి పోవటానికి వీల్లేదు. మోకాలి నుంచి మడమ దాకా కొలిచేవాడు. పదకొండు రోజులు కొలిచాడు. పదకొండు రోజులూ రెండు కాళ్ళూ సమానం. అంకెలు ఏ తేడా లేదన్నాయి. భయం అంకెల మాట చెవిన పెట్టలేదు.

అలాంటి రోజుల్లో అతనికి రెండు ప్యాంట్లు కుట్టించుకోవాల్సి వచ్చింది. పాత టైలరు కొట్టు మూసేశాడు. వెనక వీధిలో తాళాలు బాగుచేసే కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కున్న ఒంటిగదిలో ఒకావిడ మగవాళ్ళ బట్టలు కుడుతుందని, చెయ్యి మంచిదని ల్యాబులో ఎవరో చెప్పారు. పాపని చంకనేసుకుని వెళ్ళాడు.

గదిలో రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, మూల ఇస్త్రీ బల్ల. ఇస్త్రీ చేస్తున్నది ఆవిడ భర్త. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైనుంచి చూసి, "గుడ్డ అక్కడ పెట్టి, కాస్త ఆ ఫ్యాను వేసి రా బాబూ" అంది.

స్విచ్ గదికి ఆ చివర, గోడ మీద కొంచెం ఎత్తులో ఉంది. అతను పాపని దించకుండానే వెళ్ళి, చెయ్యి చాచి స్విచ్ వేసి వచ్చాడు. వచ్చేసరికి ఆవిడ భర్తకి చెప్పేస్తోంది. "పొడవు నలభై. నడుం ముప్ఫై నాలుగు. సీటు ముప్ఫై ఎనిమిది. కింద పదిహేను. రాసుకో."

"ఎవరి కొలతలమ్మా అవి?"

"నీవే."

"మీరు టేపు పట్టనే లేదు!"

ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి భర్త పగలబడి నవ్వాడు. "పడ్డాడు! కొత్తవాళ్ళంతా ఇక్కడే పడతారు."

కెమిస్టు ఊరుకుంటాడా? కొలవని దాన్ని నమ్మితే నౌకరీ పోయే ఉద్యోగం అతనిది. ఒక్కసారి టేపుతో సరిచూద్దామన్నాడు. ఆవిడ పాపని ఎత్తుకుంది, భర్త సొరుగులోంచి టేపు తీసి అతని చేతికిచ్చాడు. పొడవు నలభై. సీటు ముప్ఫై ఎనిమిది. కింద పదిహేనే. నడుం దగ్గరికొచ్చేసరికి ముప్ఫై మూడు. అతని మొహం కాస్త వెలిగింది. "అంగుళం తేడా ఉందమ్మా."

"పీల్చిన పొట్ట వదిలెయ్ నాయనా" అంది ఆవిడ.

వదిలాడు. ముప్ఫై నాలుగు.

అతను టేపు వంకా ఆవిడ వంకా మార్చి మార్చి చూశాడు. ల్యాబులో లక్షల ఖరీదు చేసే మిషన్లని కూడా పొద్దున్నే ఒకసారి సరిచూసుకుంటే గాని నమ్మరు. ఈవిడ ఒక మనిషి చంకలో పిల్లతో స్విచ్ వేసి వచ్చేలోగా నాలుగు కొలతలు తప్పు లేకుండా చెప్పేసింది. ఎలా వచ్చింది ఈ విద్య అని అడిగాడు.

"మగాళ్ళ పుణ్యమే" అంది ఆవిడ, మిషను మీదికి వంగుతూ. మిగతాదంతా భర్తే చెప్పాడు. ఆయనకి ఇస్త్రీ కన్నా కబుర్లే ఇష్టంలా ఉంది.

ఆవిడ తండ్రి టైలరు. ఆ రోజుల్లో ఆ కొట్టులో గదికి అడ్డంగా ఒక తెర ఉండేది. తెరకి ఇవతల మగవాళ్ళు, కొలతలు, కత్తెర. అవతల ఆడపిల్ల, కాజాలు, గుండీలు, అంచులు. పదేళ్ళప్పటి నుంచి తెర వెనకే కూర్చుంది. కొలతలు తీయించుకోవటానికి వచ్చినవాళ్ళ కంట పడకూడదని కట్టడి. కానీ తెర పాతది. గుడ్డ నేత పలచబడి అవతలి మనుషులు నీడల్లా కనిపించేవాళ్ళు. తండ్రి కొలిచి అంకె పైకి అనేవాడు, అన్న రాసుకునేవాడు. ఈ పిల్ల కాజాలు కుట్టి కుట్టి విసుగెత్తి, తండ్రి నోరు తెరిచేలోగా తనలో తను అంకె అనుకోవటం మొదలుపెట్టింది. ఛాతీ ముప్ఫై ఆరు. తండ్రి ముప్ఫై ఎనిమిదనేవాడు. తప్పు. మళ్ళీ ఇంకొకరు. మొదట్లో రెండంగుళాలు తప్పేది, తర్వాత ఒకటి, తర్వాత అర. పదహారేళ్ళు వచ్చేసరికి తండ్రి తప్పు చెబితే తెర వెనక దగ్గేది. ఆయన మళ్ళీ కొలిచేవాడు. దగ్గు ఎందుకొస్తోందో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు.

తర్వాత తండ్రికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అన్నకి కత్తెరంటే పడదు, లారీల కంపెనీలో చేరిపోయాడు. ఈవిడ తెర పీకేసి కటింగ్ బల్ల దగ్గర నిలబడింది. వీధంతా ముక్కున వేలేసుకుంది. ఒకాయన గుడ్డ తీసుకుని వెనక్కి పోతూ, "ఆడమనిషితో నడుం కొలిపించుకునే ఖర్మ నాకు పట్టలేదు" అని గుమ్మంలో అందరికీ వినపడేలా అని మరీ వెళ్ళాడు.

"వెళ్ళినవాళ్ళతో బాధ లేదయ్యా" అన్నాడు భర్త. "ఉన్నవాళ్ళతోనే వచ్చింది. మొదటి నెల కుట్టిన ప్యాంట్లలో ఒక్కటీ గుండీ పట్టలేదు!"

"ఎందుకని?"

"ఎందుకేంటి? ఇందాక నువ్వు చేసిందే. ఆడమనిషి టేపు పట్టుకుని ఎదురుగా నిలబడితే ఏ మగాడు పొట్ట వదులుతాడు? అందరూ లోపలికి పీల్చి, ఛాతీ పొంగించి, ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఈవిడ పాపం నిజమనుకుని అదే కొలతకి కత్తిరించేది. ఇంటికెళ్ళి ఊపిరి వదిలితే గుండీ ఎగిరిపోయేది."

పాప కూడా పకపకా నవ్వింది, ఏం అర్థమైందో.

"అందుకే టేపు సొరుగులో పడేశా" అంది ఆవిడ తల ఎత్తకుండానే. "కొలుస్తున్నారని తెలిస్తే మనిషి మనిషిలా ఉండడు. ఏదో పని చెప్పి పంపితే ఉంటాడు. అప్పట్లో మంచినీళ్ళ కుండ ఆ చివర పెట్టి, తాగి రమ్మనేదాన్ని. ఇప్పుడు ఫ్యాను."

"సంబంధం మాట్లాడటానికి నేను వెళ్ళిన రోజున నన్ను కూడా నీళ్ళు తాగి రమ్మంది" అన్నాడు భర్త. "ఎంత మర్యాదస్తురాలో అనుకున్నా. తిరిగొచ్చేసరికి, మీ ఎడమ భుజం ముప్పావు అంగుళం దిగింది, బస్తాలు మోసే పనైతే మానేయండి అంది. మా అమ్మ కోపంతో లేచి నిలబడింది. పిల్లని నడిపించి చూడాల్సింది మనమైతే, ఆ పిల్ల నిన్ను నడిపించి చూస్తుందేంట్రా అని."

"మానేశారా?"

"మానేసే కదయ్యా ఇస్త్రీ పెట్టె పట్టుకున్నా. పెళ్ళాం కుడితే మొగుడు మడతలు పెడతాడని వీధిలో నా పేరు మడతల మొగుడు. ముప్ఫై ఐదేళ్ళయింది. భుజం మాత్రం నొప్పి లేదు."

ఈ మాటల్లో ఉండగానే పాప ఆవిడ ఒళ్ళోంచి జారి, నేల మీద పడి ఉన్న రంగు ముక్కల కోసం బయల్దేరింది. మిషను చప్పుడు ఆగిపోయింది. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుంది. పాప గది చివరి దాకా వెళ్ళి, ఒక ఎర్ర ముక్క ఏరుకుని వెనక్కి వచ్చింది.

ఆవిడ మొహంలో నవ్వు లేదు. "గౌను ఎవరు కుట్టారు?"

"కొన్నదమ్మా."

"అంచు సమంగానే ఉంది. నిలబడితే సమంగా ఉంటోంది. కానీ ఎడమ కాలు మీద బరువు వేసినప్పుడల్లా కుడిపక్క అంచు కిందికి దిగుతోంది. కుడికాలు మీద వేసినప్పుడు దిగట్లేదు." అతని వంక తిరిగింది. "నీకు ముందే తెలుసు కదూ?"

ఇన్ని రోజుల్లో అతన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. పదకొండు రోజుల అంకెలూ గబగబా అప్పజెప్పాడు.

"ఎక్కడి నుంచి కొలిచావు?"

"మోకాలి నుంచి మడమకి."

"తేడా పైన ఉంటే కింద కొలిచి ఏం లాభం బాబూ? నేను డాక్టర్ని కాను. జబ్బు పేరు నాకు తెలీదు. కానీ ఇది ముద్దు నడక కాదు. ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, ఆలస్యం చెయ్యకు. పిల్లని బల్ల ఎక్కించనివ్వకు. ముందు నడిపించి చూడమను. అమ్మ ఏదీ అని అడిగితే, నాన్న చూశాడని చెప్పు."

ఆ రాత్రి ఇంట్లో చిన్న యుద్ధమే అయింది. "డాక్టరు చెప్పింది కాదు గానీ, బట్టలు కుట్టే ఆవిడ చెప్పింది వేదమా?" అంది భార్య. అతను వాదించలేదు. పాప ముందు ఒక గిన్నె పెట్టి దూరంగా జరిపాడు. "గౌను అంచు చూడు. కాళ్ళు చూడకు" అన్నాడు. పాప నాలుగు అడుగులు వేసింది. ఇంకో నాలుగు వేసింది. భార్య నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మర్నాడు ఆమె షిఫ్టు మానేసింది.

ఎముకల డాక్టరు పాపని వరండాలో నడిపించి చూశాక ఎక్స్‌రే రాసిచ్చాడు. ఫిల్ము వెలుతురుకి పెట్టి చూపించాడు. ఎడమ తొడ ఎముక గుండ్రటి తల తుంటి గిన్నెలో కూర్చోలేదు. పైకి జారి పక్కన ఉంది. పుట్టినప్పటి నుంచీ అంతే. ఇంకో రెండేళ్ళు ఆగి ఉంటే ఎముక కోసి సరిచేయాల్సి వచ్చేదనీ, అప్పుడైనా కుంటటం పూర్తిగా పోతుందని చెప్పలేననీ అన్నాడు. ఇప్పుడైతే మత్తు ఇచ్చి గిన్నెలో కూర్చోబెట్టి కట్టు వేస్తే చాలట. "ఎవరు కనిపెట్టారు?" అని అడిగాడు.

"మా ఆయన" అంది భార్య. ఆ రెండు మాటలూ చెప్పటానికి ఆమెకి కొంచెం సమయం పట్టింది. తర్వాత, "ఒక టైలరమ్మ" అంది.

చంకల కింద నుంచి పాదాల దాకా పిండికట్టు వేశారు. కాళ్ళు రెండూ ఎడంగా, తెల్లటి చెక్కబొమ్మలా బిగుసుకుపోయింది పిల్ల. మామూలు గౌన్లేవీ పట్టవు. భార్య ఆ కట్టుని ఫోన్లో ఫొటో తీసి చూపిస్తే టైలరమ్మ ఫోను పక్కన పెట్టేసి, తనే ఇంటికొచ్చింది. గుమ్మంలో నిలబడి పాపని రెండు నిమిషాలు చూసింది, వెళ్ళిపోయింది. మూడో రోజున పక్కల్లో గుండీలున్న ఆరు గౌన్లు వచ్చాయి. ఒక్కదానికీ సూది మొనంత సవరణ అక్కర్లేకపోయింది. అతను ఒక గౌనుని వెలుతురుకి పెట్టి, లోపలి కుట్లు తిప్పి తిప్పి చూశాడు. రేయింబవళ్ళు పిల్లని మోస్తున్న తనకే అందని ఆ కట్టు వంపులు, గుమ్మం దగ్గర నిలబడిన మనిషికి ఎలా అందాయో అతని చదువు చెప్పలేకపోయింది.

మూడు నెలలకి కట్టు విప్పారు. ఇంకో ఫిల్ము తీశారు. ఎముక తల గిన్నెలో బుద్ధిగా కూర్చుని ఉంది. డాక్టరు ఇంక నడిపించుకోమన్నాడు. అసలు చిక్కు అక్కడొచ్చింది. అతను పాపని నేల మీదికి దించడు. దించితే రెండు చేతులూ వదలడు. పిల్ల వాకిలి దాటితే తనూ వంగి, నడుం పట్టేదాకా దాని వెనకే వీధంతా తిరుగుతాడు. భార్య చెప్పి చూసింది, వాళ్ళమ్మ తిట్టి చూసింది. అతని భయానికి ఎక్స్‌రే కూడా చాల్లేదు.

పాపకి మామూలు గౌను కుట్టించటానికి వెళ్ళిన రోజు టైలరమ్మ చేతిలో పని పక్కన పెట్టి, "దించు" అంది.

"పడుతుందేమోనమ్మా."

"దించు నాయనా."

దించి, రెండు వేళ్ళు పట్టించి నడిపించాడు. ఆవిడ చూసి తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు నాకేం కనిపించట్లా."

"అదేంటమ్మా, నడుస్తోందిగా?"

"నువ్వు పట్టుకుంటే అది నీ నడక నడుస్తుంది. బాగుందో లేదో నాకూ తెలీదు, నీకూ తెలీదు."

అతను వేళ్ళు వదిలాడు. పాప ఒక క్షణం ఊగింది, నిలబడింది. ఇస్త్రీ బల్ల దగ్గర ఆవిడ భర్త చప్పట్లు కొడుతూ చేతులు చాచాడు. పిల్ల అటు బయల్దేరింది. ఒక అడుగు, ఇంకొకటి. ఎడమ కాలు మీద బరువు పడింది. గౌను అంచు కదలకుండా నిలిచింది. అతను చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది, చాలాసేపు.

ఇప్పుడు ప్రతి పొద్దునా ఆ వీధిలో ఒక చిన్న పిల్ల ముందు నడుస్తుంటుంది, వెనక కొంచెం దూరంలో దాని తండ్రి చేతులు కట్టుకుని వస్తుంటాడు. చేతులు ముందుకి పోకుండా ఉండటానికే అలా కట్టుకుంటాడు. పిల్ల పడుతుంది, మోకాలు దులుపుకుని లేస్తుంది. ఎవరైనా, అదేంటయ్యా ఎత్తుకోవచ్చుగా అంటే, ఆ రోజు టైలరమ్మ కొట్టు గుమ్మం దాకా వచ్చి చెప్పిన మాటే చెబుతాడు:

"పిల్లని ముందు పోనివ్వు. నువ్వు నాలుగడుగులు వెనక రా. అంతకన్నా దగ్గరైతే నీకు కనిపించదు, అంతకన్నా దూరమైతే నీకు అందదు."