నాడి మేస్త్రి ఎడమ చెయ్యి

లారీ షెడ్ల వరుసలో అన్నిటికంటే చివరిది, ఆయిల్ తాగి తాగి నేల నల్లబడిపోయినది నాడి మేస్త్రి షెడ్డు. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది గానీ, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూడడు. ఇంజన్ తిరుగుతుండగా దాని నెత్తిమీది కవర్‌పై ఎడమ అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, జబ్బు ఎక్కడుందో చెప్పేవాడు కాబట్టి నాడి మేస్త్రి అన్న పేరు స్థిరపడిపోయింది. చెవులు ఏనాడో దెబ్బతిన్నాయి, గట్టిగా చెబితే తప్ప వినపడదు. అంతకాలం ఇంజన్ల హోరులో బతికినవాడికి చెవులు మిగిలితేనే విడ్డూరం. "పోతే పోయాయిలే, అవి ఉన్నప్పుడు మాత్రం మా ఆవిడ తిట్లు వినడానికి తప్ప ఎందుకు పనికొచ్చాయి?" అనేవాడు.

షెడ్డులో ఆయన పెట్టుకున్న ఆచారం ఒకటుంది. పని పూర్తయ్యాక స్టీలు గ్లాసు అంచుదాకా నీళ్ళు పోసి, తిరుగుతున్న ఇంజన్ మీద పెట్టేవాడు. నీళ్ళు తొణకకపోతే బండి తీసుకుపొమ్మనేవాడు. అయితే ముందు అరచెయ్యి సరేననాలి, తర్వాతే పెట్టెలోంచి గ్లాసు బయటికి రావాలి. "గ్లాసు మీ తృప్తికి, చెయ్యి నా తృప్తికి" అనేవాడు. గ్లాసు తెమ్మని ఆయన్ని అడిగిన మగాడు ఆ వరుసలో పుట్టలేదు.

ఆయన బావమరిది ఒక ముసలి లారీతో క్రషర్ నుంచి కంకర తోలేవాడు. ఆ లారీ ఒకరోజు దగ్గుతూ, తెల్లటి పొగ కక్కుతూ షెడ్డులోకి వచ్చింది. దారిలో బాగానే పరుగెడుతుందట, నిలబడి ఉన్నప్పుడే ఒళ్ళంతా ఊపుకుంటుందట.

"మిస్సింగ్ కొడుతోంది బావా, ఒక దెబ్బ తప్పుతోంది. నాలుగు రోజుల్లో సరిచేసి ఇవ్వకపోతే క్రషర్ వాళ్ళు ఇంకో బండి పెట్టుకుంటారు" అన్నాడు బావమరిది.

"నాలుగు రోజులెందుకురా? అన్నం తినొచ్చేసరికి నీ బండి నీకిస్తాను" అన్నాడు మేస్త్రి.

అన్నట్టే చేశాడు కూడా. ఎడమ చెయ్యి కవర్ మీద ఉంచి, కుడిచేత్తో పానా పట్టుకుని, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి చూశాడు. నట్టు వదిలితే ఇంజన్ ఇంకాస్త నీరసపడిందంటే ఆ సిలిండర్ బతికున్నట్టు. ఏ తేడా రాలేదంటే చచ్చింది అదే. మూడోదాని దగ్గర ఏ తేడా రాలేదు. నాజిల్ మార్చి స్టార్ట్ చేశాడు. పొగ పోయింది. బావమరిది మొహం చేటంతయింది.

మేస్త్రి అరచెయ్యి ఆనించాడు. కళ్ళు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు.

"ఇంకా ఉందిరా."

"నాకు బాగానే వినిపిస్తోందే!"

"నీ చెవులెవడికి కావాలి? ఒక సిలిండర్ కొట్టడం లేదు. చెయ్యి చెబుతోంది."

మళ్ళీ నట్లన్నీ వదిలి చూశాడు. ఈసారి ఏది వదిలినా ఇంజన్ నీరసపడుతోంది. అంటే ఆరు సిలిండర్లూ బతికే ఉన్నాయి. అయినా చేతికింద ఆ ఒక్క దెబ్బ తప్పుతూనే ఉంది. అలాంటిది ఆయన ఎన్నడూ చూడలేదు. చూడలేదు కాబట్టే పట్టుదల పెరిగింది.

వాల్వుల సందులు సరిచేశాడు. పైపుల్లో గాలి చేరిందేమోనని డీజిల్ అంతా వదిలి మళ్ళీ ఎక్కించాడు. ఇంజన్ కింది రబ్బరు దిమ్మలు మార్చాడు. డీజిల్ పంపు విప్పి, అదే వరుసలోని పంపు మేస్త్రికి పంపాడు. అతను పరీక్ష పెట్టి, పంపు బంగారంలా ఉందని తిరిగి తెచ్చిస్తే, నీకు పని రాదు పొమ్మని నలుగురిలో కడిగేశాడు. పంపు మేస్త్రి ఆయన కాళ్ళ దగ్గర పని నేర్చుకున్నవాడే. తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఇది తలచుకుంటే, ఆ వరుసలోనే పనిచేసిన నాకు ఇప్పటికీ మేస్త్రి మీద కోపమే.

ఇంటికొచ్చినా ఆయన ధ్యాస లారీ మీదే. కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తుంటే, ఒళ్ళో ఎడమచేతి బొటనవేలు చూపుడువేలిని రాస్తూ ఉండేది, అరచెయ్యి అదురుతూ ఉండేది. కొన్ని నెలలుగా అంతే, ఈమధ్య మరీ ఎక్కువైంది. భార్య కూరగాయలు తరుగుతూ నవ్వేది. "ఇంట్లో కూడా ఇంజన్ తిప్పుతున్నారా? ఇక ఆపండి, డీజిల్ దండగ!" ఆయన అదే చెయ్యి చాచి మంచినీళ్ళ చెంబు అందుకునేవాడు. అందుకోగానే ఆ అదురు ఆగిపోయేది. ఆ చేత్తో పానా పట్టినా అంతే, రాయిలా నిలిచేది. అందుకే ఆయన దాన్ని లెక్కచెయ్యలేదు.

చివరికి సిలిండర్ల పైన మూతలా ఉండే హెడ్డు విప్పాడు. విప్పాల్సిన ఇంజన్ కాదది. లోపల అంతా శుభ్రంగా ఉంది. మళ్ళీ బిగించేలోగా గడువు దాటిపోయింది, క్రషర్ దగ్గర బావమరిది చోటులో ఇంకొకరి లారీ నిలబడింది. ఆ కబురు విన్న మధ్యాహ్నం బావమరిది షెడ్డు గడపలో చాలాసేపు కూర్చుని, లేచి లోపలికొచ్చాడు. ఇంజన్ తిరుగుతోంది. మేస్త్రి అరచెయ్యి కవర్ మీదే ఉంది.

"ఏం బావా?"

"ఉందిరా. పోవడం లేదు. పిస్టన్లు కూడా విప్పాలి."

బావమరిది మూలనున్న పెట్టె తెరిచి స్టీలు గ్లాసు తీశాడు.

"ఒరేయ్, పెట్టెయ్ దాన్ని" అన్నాడు మేస్త్రి.

అక్క మొగుడికి ఏనాడూ ఎదురుచెప్పని మనిషి ఆ మాట చెవిన వేసుకోలేదు. గ్లాసు అంచుదాకా నీళ్ళు పోసి, మేస్త్రి చేతి పక్కనే పెట్టాడు. నీళ్ళమీద సన్నటి వలయాలు పుట్టాయి. గ్లాసు కదల్లేదు. ఒక్క చుక్క తొణకలేదు.

మేస్త్రి గ్లాసుకేసి చూశాడు. తన చేతికేసి చూశాడు. చేతికింద దెబ్బ తప్పుతూనే ఉంది, అచ్చం ఒక సిలిండర్ చచ్చిన ఇంజన్‌లా.

"బండి ఆపు" అన్నాడు.

బావమరిది ఆపాడు. ఇంజన్ ఒకసారి ఊగి నిలిచిపోయింది. ఆగిన ఇంజన్ మీద చెయ్యి పెట్టాల్సిన అవసరం మేస్త్రికి అంతవరకూ ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు పెట్టాడు. వేడి ఇనుము మీద అరచెయ్యి అదే లయలో కొట్టుకుంటోంది. ఆయనకు భయమేసింది, చీకట్లో కాలికింద మెట్టు తప్పినప్పటి భయం.

"దొరికిందా బావా?"

"దొరికింది. నీ బండి మొదటిరోజే బాగుపడిందిరా. తీసుకుపో."

ఎక్కడికి తీసుకుపోవాలో బావమరిదికి తెలియదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పంపు మేస్త్రికి మొహం చూపించే ధైర్యం లేక, నాడి మేస్త్రి ఎడమచెయ్యి జేబులో పెట్టుకుని వెనక సందులోంచి ఇంటికి నడిచాడు. తలనొప్పికి మాత్రలున్నాయి, నాజిల్‌కి కొత్త నాజిల్ ఉంది. చేతికి పట్టిన ఈ జబ్బును విప్పి మార్చే షెడ్డు ఏదీ లేదని, జబ్బులు పట్టడమే పనిగా బతికిన ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వేళగాని వేళ ఇంటికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. చెయ్యి జేబులోంచి జారి ఒళ్ళో పడి, మొదలుపెట్టింది.

"ఇంట్లో కూడా ఇంజనేనా? ఆపండిక!" అంది భార్య, వంటింట్లోంచి తొంగిచూసి.

"ఆగట్లేదే" అన్నాడు.

ఆమె నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. తడిచేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి, ఆ చేతిని తన రెండు చేతుల మధ్య గట్టిగా పట్టుకుంది. లోపల అది కొట్టుకుంటూనే ఉంది.