కాంపౌండరు గారి ఆఖరి విజిల్

మందుల కొట్టు కాంపౌండరు గారికి అనుమానం పుట్టుకతో వచ్చింది. కట్టిన పొట్లం మళ్లీ విప్పి చూసుకుంటారు. తలుపుకి తాళం వేసి, లాగి చూసి, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కొచ్చి మళ్లీ లాగుతారు. అలాంటి మనిషిని ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు రెఫరీగా ఊరే ఏరి కోరి పెట్టుకుంది. ఎవర్నీ నమ్మనివాడు ఎవరి కొమ్మూ కాయడని వాళ్ల లెక్క. ఆ మంచిపేరంటే ఆయనకు ప్రాణం.

ఆట ఎప్పుడు ముగించాలన్న విషయంలో మాత్రం ఎవరి మాటా చెవిన పెట్టరు. గెలుస్తున్నవాడికి టైము ఎప్పుడో అయిపోయినట్టుంటుంది, ఓడుతున్నవాడికి ఇంకా బోలెడున్నట్టుంటుంది. తన చేతి గడియారం ఏం చెబితే అదే.

ఫైనల్ రోజు పొద్దున్నే బావమరిది కొత్త గడియారం పట్టుకొచ్చాడు.

"నీ పాతదానికి సెకన్ల ముల్లు కూడా ఊడిపోయింది కదా బావా. ఇది పెట్టుకో."

కాంపౌండరు గారికి అనుమానం తగిలింది. ఇవాళ పాలకేంద్రం జట్టుతో ఆడే మార్కెట్ జట్టుకి మేనేజరు వీడే. సరిగ్గా ఇవాళే ఇంత ప్రేమ ఎందుకు పొంగుకొచ్చినట్టు? ఇది నెమ్మదిగా నడిచే గడియారం కాదు కదా? నవ్వుతూనే పుచ్చుకుని టేబులు మీద పడేసి, పాతదే కట్టుకుని వెళ్లారు.

రెండో సగంలో వాన దంచేసింది. పాలకేంద్రం జట్టు ఒక గోలు ముందుంది. కాంపౌండరు గారు గడియారం చూశారు. ఇంకా కాస్త టైముంది. కాసేపటికి అద్దం మీద నీళ్లు తుడిచి చూశారు. ఇంకా ఉంది.

"టైమైపోయింది సార్! విజిల్ వెయ్యండి!" అని పాలకేంద్రం వాళ్లు అరిచారు. అనక ఊరుకుంటారా మరి! గీత దగ్గర జెండా పట్టుకున్న పెయింటరు కూడా మణికట్టు చూపించి చెయ్యూపాడు. వాడు అద్దెకుండేది పాలకేంద్రం కెప్టెన్ ఇంట్లోనే. కాంపౌండరు గారు మొహం తిప్పుకున్నారు.

అంతలో మార్కెట్ జట్టు గోలు కొట్టేసింది.

మళ్లీ గడియారం చూస్తే ముల్లు ఇందాకటి చోటే ఉంది. చెవి దగ్గర పెట్టుకున్నారు. చప్పుడు లేదు. పరుగున వెళ్లి పెయింటరు చెయ్యి పట్టుకుని చూశారు. టైము ఎప్పుడో దాటిపోయింది. విజిల్ వేశారు.

"నా గడియారం ఆగిపోయింది. టైమయ్యాక పడ్డ గోలు చెల్లదు. పాలకేంద్రమే గెలిచింది."

బావమరిది ఎగిరిపడ్డాడు. "ఇంతసేపూ నడిచింది, మా గోలు పడగానే ఆగిపోయిందా బావా? ఎవరికి భయపడ్డావు?"

గెలిచిన కెప్టెన్ కూడా మెచ్చుకోలేదు. "బావమరిది కోసం ఆట సాగదీశారు. దొరికిపోయేసరికి తప్పు గడియారం మీదకి తోశారు," అని అందరూ వినేలా అన్నాడు.

ఇంటికొచ్చేసరికి కొత్త గడియారం టేబులు మీద నిక్షేపంగా నడుస్తోంది. రేడియో టైముతో సరిచూశారు. వెంట్రుకవాసి తేడా లేదు. సిగ్గుతో తల వంచుకుని కూర్చున్నారు. తర్వాత బట్టలు మార్చుకున్నారు, తడిసిన పాత గడియారం విప్పి కిటికీలో పెట్టారు, అన్నం తిన్నారు.

భార్య పక్కన కూర్చుంది. "ఏమండీ, ఏమనుకోకండి. నిజంగానే ఆగిపోయిందా?"

ఒళ్లు భగ్గున మండింది ఆయనకు. కిటికీలో ఆరబెట్టిన పాత గడియారం తీసి ఆవిడ చేతిలో పెట్టారు.

"నువ్వే చెవి దగ్గర పెట్టుకుని చూడు!"

ఆవిడ పెట్టుకుంది. తడి ఆరినట్టుంది.

"నడుస్తోంది కదండీ," అంది మెల్లగా.

కాంపౌండరు గారు ఆవిడ మొహంలోకి చూశారు. ఇదే కథ ఇంకో రెఫరీ చెప్పి ఉంటే, తానూ నమ్మేవారు కాదు.