చింత బొమ్మ

మొన్న జగదల్‌పూర్‌లో ఒక చిత్రప్రదర్శనకు వెళ్తే, హాలు గుమ్మంలోనే ఆరీ ఆరని రంగుల నూనెవాసన ముక్కుకు తగిలింది. లోపల మూతి వంకరపోయిన ముఖాలు, ఒకదానిమీదొకటి పులిమిన నలుపులు, మీదికి ఒరిగిపడేటట్టున్న గదుల గోడలు. అన్నిటి కిందా హిందీలో ఒకటే మాట: చింతా. అంటే దిగులు. చూసేవాళ్లు గడ్డం కింద చేయి పెట్టుకుని గంభీరంగా తలలూపుతున్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది, వెంటనే కళ్లు నిండాయి.

మా ఊరు తెలంగాణ సరిహద్దుకు అవతల, పామేడు దాటి అడవిలో. ఇంట్లో తెలుగు, పక్కింట్లో దొర్లి భాష, బళ్లో హిందీ. మాకు చింత అంటే చెట్టే. శివరాత్రి వెళ్లి ఎండ ముదిరేసరికి ఊరంతా ఆ చెట్లకిందే ఉండేది. మగవాళ్లు కొమ్మలెక్కి దులుపుతుంటే ఆడవాళ్లు కాయలేరి గంపలకెత్తి, మంచాలమీద ఎండబోసి, పెంకు ఒలిచి, గింజ తీసి సంతకు పంపేవాళ్లు. మేం గింజలు నిప్పుల్లో వేయించుకుని దవడలు నొప్పి పుట్టేదాకా నమిలేవాళ్లం, కొన్నిటిని బండమీద అరగదీసి పాచికలాడేవాళ్లం. ఉగాదికి అమ్మ కొత్తచింతపండు పులుసు కాస్తే ఆ వాసనకే నోరూరేది. నాన్నమ్మ మాత్రం ఏ యేడూ పండు బాగుందని ఒప్పుకునేది కాదు, పోయినేడే నయమనేది.

మా ఒంటిగది బడికి రాయపూర్ వైపునుంచి ఒక గురూజీ వచ్చాడు. పట్నంలో బొమ్మలు నేర్చినవాడు. ఈ కాలపు చిత్రకారులు కంటికి కనిపించేది గీయరనీ, మనసులో ఉన్నది గీస్తారనీ చెప్పి, "ఆజ్ చింతా కా చిత్ర్ బనావ్" అన్నాడు, ఇవాళ చింతా బొమ్మ వేయమని. ఇంతేనా అనుకుని బడి బడంతా చింతచెట్లు గీసేశాం. ఆయన కాగితాలు చూసి బిత్తరపోయాడు. ఆ చెట్టును తెలుగులో ఏమంటారో ఎవరో చెబితే పొట్టపట్టుకు నవ్వాడు.

మా అక్క లచ్చిమి కాగితం దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది. అక్కా చెట్టే గీసింది. కొమ్మలు విరిగేంత కాయ. రాలిన కాయ రాలినట్టే ఉంది. మంచాలున్నాయి, గంపలున్నాయి, ఇళ్ల తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మనుషుల్లేరు.

"లోగ్ కహా హై?" అన్నాడు గురూజీ, మనుషులేరని.

"ఏందో గురూజీ, మనుషులను గీద్దామంటే చెయ్యి పోలే," అంది అక్క.

అప్పటికే పెద్దవాళ్లు మమ్మల్ని చూస్తే మాటలు ఆపేస్తున్నారు. పగలు పోలీసులు, రాత్రి అడవిలోవాళ్లు, ఎవరొచ్చి ఎటు పొమ్మంటారోనని నాన్న చెప్పులు విప్పకుండానే మంచం మీద వాలేవాడు. గురూజీ ఆ బొమ్మను గోడకు అంటించి, ఈ పిల్లను జగదల్‌పూర్‌లో బొమ్మల చదువుకు పంపుదామన్నాడు. నాన్న కాదనలేదు. ఆ వేసవంతా అక్క బొగ్గుతో, ఎర్ర జాజుమట్టితో ఇంటిగోడలు నింపేసింది.

మరుసటేడు కాయ పండకముందే ఊరు ఖాళీ అయింది. మూటలు నెత్తిన పెట్టుకుని వాగు దాటి తెలంగాణలోకి వచ్చేశాం. మిరపచేలల్లో కూలి దొరికింది. గురూజీ ఏమయ్యాడో తెలియదు. అక్క బొమ్మల సంగతి మళ్లీ ఎత్తలేదు, కూలిపనుల్లో పడి మరిచిపోయిందనుకున్నాం.

ప్రదర్శన చూసిన మర్నాడే రంగులపెట్టె కొని, చర్ల దగ్గరున్న అక్క ఇంటికి వెళ్లాను. మూత తీయకుండానే నా ఒళ్లో పెట్టేసింది.

"నాకొద్దు చెల్లె. నేను అట్ల గీసిన, ఊరు అట్లనే అయింది."

నువ్వు గీయకపోయినా ఊరు పోయేదేనక్కా అని ఎంతో చెప్పాను. అన్నీ విని, తలూపి, అన్నం పెట్టింది. ఇన్నేళ్లూ ఆ నేరం తనమీదే వేసుకుని బతికిందని నాకప్పుడే తెలిసింది. ఊరు పోయిందని అందరం ఏడ్చాం. అక్క చేతిలోని బొమ్మ పోయిందని ఎవరం ఏడవలేదు.

పొద్దున్నే నేను బస్సుకు బయల్దేరేసరికి వీధిలో ఆడవాళ్లు ముగ్గులేస్తున్నారు. అక్క వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, చీపురు మూలన పెట్టి లోపలికి వెళ్లిపోయింది.