రేకుపూల ఉబెర్లిందా

ఉబెర్లిందా నోటికి ఎడారి అంచున ఉన్న రేవుపట్నం ఇకీకే అంతా జడుస్తుంది. చేపల బజారులో ఆవిడ బేరమాడితే, అమ్మేవాడే చివరికి తప్పయిందని చెంపలేసుకోవాలి. అలాంటి మనిషి, పోయినవాళ్ళ సమాధులకు పూలు పెట్టే పండగ నెల నవంబరు వచ్చేసరికి మెత్తబడిపోతుంది. పాలడబ్బాల రేకు కత్తిరించి, పూలు చేసి, రంగులు వేస్తుంది. ఎడారిలో నిజం పూలు పూటకే మాడిపోతాయి గనక అక్కడి సమాధులకు రేకుపూలే గతి.

ఆ ఏడూ మేనల్లుడు నెల్సన్ ట్రక్కులో బయల్దేరింది. సురేకారం గనులు మూతపడ్డాక పాడుబడ్డ ఊళ్ళు దారిపొడవునా ఉన్నాయి. కప్పులేని బడి, తలుపుల్లేని సినిమాహాలు, బోర్డొక్కటే మిగిలిన పూటకూళ్ళ కొట్టు.

"ఆ కొట్లో చిక్కుడుగింజల పులుసు కోసం కొట్టుకునేవాళ్ళంరా."

"ప్రతి ఏడూ ఇదే చెప్తావత్తా."

"ప్రతి ఏడూ నువ్వు వింటే కదా!"

వాళ్ళు వెళ్ళేది సాంతా దెల్మీరాకి. ఆవిడ పుట్టిన ఊరు అది. తమ్ముడు టీటో పసితనంలోనే జ్వరమొచ్చి అక్కడే పోయాడు. గని మూతపడి అందరూ వలసపోయారు. ఆవిడ మళ్ళీ వచ్చేసరికి చెక్క శిలువల మీద పేర్లన్నీ ఎండకు చెరిగిపోయాయి. అయితే టీటో సమాధి చుట్టూ నాన్న ఉయ్యాలతొట్టిలాంటి ఇనపకంచె కట్టాడు. ఆ వరసలో కంచె ఉన్నది ఒక్కటే. దాన్ని పట్టుకుని ఏడ్చింది. అప్పట్నించీ ఏటా పూలు పెట్టి, టీటో పేరు కలిపి జోలపాట పాడుతుంది.

ఈసారి ఆ కంచె పక్కన ఎవరో ముసలాయన. కంచెకి నీలం కాగితం దండ.

"ఏమయ్యా, అది మా తమ్ముడి సమాధి!"

"కాదమ్మా, మా చెల్లెలు రొసాల్బాది."

"నాకే చెప్తావా? ఈ కంచె మా నాన్న కట్టాడు."

"ఇది కట్టింది మా నాన్న. అడుగు కమ్మీ మీద నక్షత్రం చెక్కాడు."

ఆయన ఇసుక తోడి తుప్పు గీకాడు. నక్షత్రం ఉంది.

ఉబెర్లిందా చూపు పక్కనున్న బోడి దిబ్బ మీద పడింది. నాలుగు మూలలా కమ్మీలు పీకేసిన గుంటలు. పాత ఇనుము దొంగల పని. ఏటా ఆవిడ పూలబుట్ట దించుకునేది ఆ దిబ్బ మీదే.

"పక్కనే ఉన్నాడు నా చిట్టితండ్రి," అంటూ కూలబడిపోయింది. "ఇన్నేళ్ళూ ఒక్క పువ్వు పెట్టలేదు. వాడి మీద బుట్ట పెట్టాను!" నెల్సన్ పట్టుకోబోతే చెయ్యి విదిలించేసింది.

ముసలాయన కూడా ఏడుస్తున్నాడు.

"నేను దూరాన దక్షిణాదిన బతికానమ్మా. ఒక్కసారీ రాలేదు. చెల్లెలు దిక్కులేకుండా పడి ఉంటుందని దారంతా కుమిలిపోయాను. వచ్చి చూస్తే ఒళ్ళంతా పూలు! ఎవరో ఆ పుణ్యాత్ములు అని ఇందాకట్నించీ దణ్ణం పెట్టుకుంటున్నాను."

లేచి, నీలం దండ తీసి, బోడి దిబ్బ మీద పెట్టాడు.

"దానికి నువ్వు అక్కవయ్యావు. వీడికి నేను అన్ననవుతాను, కాదనకు."

ఉబెర్లిందా రెండు దిబ్బల మధ్యకి జరిగి, ఎప్పటి జోలపాటే ఎత్తుకుంది. ఈసారి పాటలో రెండు పేర్లు ఉన్నాయి.