మాస్టారి స్టూడియోలో కారిన వెలుగు

పోయినవాళ్ల గురించి మంచే వినాలనుకునే పాఠక మహాశయులకు ముందుగా సాష్టాంగపడి క్షమాపణలు. నరసరావుపేటలో నాకు కెమెరా పట్టడం నేర్పిన స్టూడియో మాస్టారు పోయిన వారం కన్నుమూశారు. డిగ్రీ అయ్యాక మూడేళ్లు ఆయన దగ్గర పనిచేశాను. ఆయన గురించి ఒక్క మంచి మాట కోసం పొద్దుటి నుంచి వెతుకుతున్నాను.

ఆయనకు ఎండంటే పగ. స్టూడియో కిటికీకి ప్లైవుడ్ కొట్టించి, "వెలుగు మనం పెట్టాల్రా. దానంతటది వస్తే ఇంక మనమెందుకు?" అనేవారు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల నుంచి ఎవరొచ్చినా వాళ్ల మొహాన్ని కంప్యూటర్లో తెల్లగా తోమి, వెనక మంచుకొండలు పెట్టి పంపేవారు.

ఒకరోజు బుద్ధి గడ్డితిని, ఇప్పటి జపాన్ వాళ్లు తీసిన ఫోటోలు ఫోన్లో చూపించాను. కిటికీ తెర మీద పొద్దుటెండ, కడిగి బోర్లించిన గిన్నెలు, సగం తిన్న పుచ్చకాయ ముక్క.

"మనిషేడిరా?"

"ఇప్పుడే లేచెళ్లినట్టుంది కదా మాస్టారూ. అదే అందం."

"గిన్నెలకి ఫోటోలేందిరా! పాపం, జపానోళ్లకి పెళ్లిళ్ల సీజన్ లేదనుకుంటా."

పంతం కొద్దీ మా అమ్మ స్టీలు చెంబు మీద పడ్డ ఎండను తీసి, ప్రింటేసి గోడకంటించాను. మర్నాడు దాన్ని పీకి, దానిమీద మిరపకాయ బజ్జీలు పెట్టుకు తిన్నారు. "నీ ఫోటో చానా గట్టిదిరా, నూనె కిందికి దిగలా" అన్నారు. మూడేళ్లలో నాకు దక్కిన మెప్పు అదొక్కటే.

ఆ తర్వాత రోజూ పదింటికి గోడమీద ఎండ చార పడసాగింది. "ఒరేయ్, ఎక్కడో వెలుగు కారతందిరా!" అని రంకెలేశారు. ఆయనకు మోకాళ్ల నొప్పులు. నన్ను స్టూలెక్కించారు. వెతికాను, ఏమీ దొరకలేదన్నాను. ఓరోజు టీ గ్లాసుతో కూర్చుని ఆ చారను కొరకొరా చూస్తుంటే, అది మెల్లగా జరిగి ఆయన సగం మొహం మీద పడింది. చప్పుడు కాకుండా ఫోటో తీశాను.

ఊరందరి మొహాలూ ఉన్న కంప్యూటర్లో ఆయనది ఒక్కటీ లేదు. చర్చివాళ్లు ఆయన జ్ఞాపకార్థం పెట్టే ఆదరణ కూడికలో ఉంచడానికి ఫోటో కావాలని మాస్టారి భార్య, ఆంటీ, అడిగితే, నేను తీసినదే ఇచ్చాను. తోమలేదు, మంచుకొండలు పెట్టలేదు.

"ఈయనకి ఎండ పడదు గదరా, ఈ వెలుగేంది?" అంది ఆంటీ.

"లైటు పెట్టి తీశా ఆంటీ."

నిన్న ఆంటీ తాళాలిస్తే స్టూడియో షట్టరు తీశాను. పది దాటాక ఆ చార గోడ మీంచి జరిగి ఆయన ఖాళీ కుర్చీ చేతి మీద పడింది. ఇప్పుడే లేచెళ్లినట్టుంది.

మంచి మాట ఇంకా దొరకలేదు. నిజం ఒకటుంది: ప్లైవుడ్ పైమూల మేకు పీకింది నేనే. ప్రేమతో కాదు, బజ్జీల కక్షతో. స్టూలెక్కి వెతికిన రోజు అది నా జేబులోనే ఉంది.